కిటికీ సీటు మీద తువ్వాలు

ఆ ఆఫీసులో అందరూ వద్దనుకునే వస్తువు ఒకటుంది. అది డ్యూటీ ఫోను. ఒక మూల పగిలిన పాత ఫోను, వారానికొకరి చేతికి వస్తుంది. వాళ్ళు నడిపే బస్సు టికెట్ల యాప్‌లో ఎక్కడ ఏం ఆగినా, ఏం తెగినా ముందు మోగేది అదే. అది దగ్గరుంటే ఆ వారం ఏట్లో కలిసినట్టే. స్నానాల గదిలోకి కూడా వెంట తీసుకుపోవాలి, సినిమా ఊసెత్తకూడదు, ఎవరింట్లో విందుకెళ్ళినా సగం విస్తట్లోంచి లేవడానికి సిద్ధంగా ఉండాలి. శుక్రవారం సాయంత్రం అది చేతులు మారేటప్పుడు ఇచ్చేవాడి ముఖమూ పుచ్చుకునేవాడి ముఖమూ చూసి తీరాలి.

అలాంటి ఫోను కోసం లోలోపల కొట్టుకుపోతున్న మనిషి ఆ అంతస్తు మొత్తానికి ఒక్కతే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆమెను అక్కడ అందరూ తువ్వాలక్క అంటారు.

బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకునేవాళ్ళుంటారు కదా, యాప్‌లో ఆ పని చేసే భాగాన్ని రాసింది ఆమే. ఎవరైనా ఒక సీటు నొక్కితే అది బూడిద రంగుకి మారి పది నిమిషాలు వాళ్ళకోసం ఆగుతుంది. ఈలోగా డబ్బు కట్టేస్తే సీటు వాళ్ళది. కట్టకపోతే తువ్వాలు తీసేసి, సీటును మళ్ళీ ఆకుపచ్చ చేసి, అడిగినవాళ్ళకి ఇచ్చెయ్యాలి. “వెయ్యడం ఎవడైనా వేస్తాడు, టైముకి తియ్యడంలోనే ఉంది తంటా అంతా,” అని ఆమె ఒకసారి మీటింగులో అంది. ఆ రోజునుంచి ఆ భాగం పేరు తువ్వాలు, ఆమె పేరు తువ్వాలక్క.

గురువారం ఉదయం తువ్వాలక్క కేకుల దుకాణం వాడితో ఫోనులో మాట్లాడుతోంది.

“పేరు సరిగ్గా రాయండి బాబూ. పోయినసారి మనిషి పేరు రాయమంటే మా కంపెనీ పేరు రాశారు. కొవ్వొత్తులు కంపెనీ వచ్చి ఊదుతుందా?”

కాన్పు సెలవు ముగించుకుని వచ్చాక ఆమెకు అప్పజెప్పిన పని ఇది. దీనికి ఆనందాల కమిటీ అని పేరు. పుట్టినరోజులకి కేకులు, మానేసి వెళ్ళేవాళ్ళకి కార్డులు, కొత్తగా చేరేవాళ్ళకి కప్పూ టీషర్టూ. “మెల్లగా అలవాటు పడుదువుగాని, తొందరేముంది?” అంది మేనేజరమ్మ మొదటి రోజునే. ఆ మెల్లగాకు అంతు కనపడటం లేదు. పాపకి పళ్ళొచ్చాయి, గోడ పట్టుకుని నిలబడుతోంది, వాళ్ళమ్మ మాత్రం ఇంకా కేకుల దగ్గరే ఉంది. తువ్వాలు, అందరూ పొడుగాయన అని పిలిచే తోటి ఉద్యోగి చేతికి వెళ్ళిపోయింది. డ్యూటీ ఫోను వంతుల పట్టీలోంచి, తెగినవాటి గురించి మాట్లాడుకునే గ్రూపులోంచి ఆమె పేరు తీసేశారు. సెలవులో ఉన్నప్పుడు తీశారు, సరే, మళ్ళీ చేర్చడం ఎవరికీ గుర్తుకు రాలేదు.

కింద, లోపలికి వచ్చే తలుపు పక్కనే, గోడ నిండా ఆమె ఫోటో ఉంది. పాపను ఎత్తుకుని నవ్వుతూ ఉంటుంది. ‘ఇక్కడ అమ్మలదే మొదటి వరుస’ అని కింద పెద్ద అక్షరాలు. రోజూ పొద్దున్నే తన ముఖమే తనకు ఎదురొచ్చి అలా నవ్వుతుంటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. అయినా ఎవరిమీద మండాలో తెలియదు. అందరూ మంచివాళ్ళే. లిఫ్టు దగ్గర తప్పుకుని దారిస్తారు, సాయంత్రం కాగానే “ఇంకా బయల్దేరలేదా అక్కా, పాప ఎదురుచూస్తుంటుంది” అంటారు. మంచితనంతో కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా బాగుండదు.

ఆమెకు ఒక రహస్యమైన అలవాటు ఉంది. పాపకోసం పాలు పిండుకోవడానికి ఒక గది ఇచ్చారు, సామాన్ల గదిలో సగం. మిగతా సగంలో కాగితపు కప్పులు, బుడగలు, కొవ్వొత్తుల డబ్బాలు. అక్కడ తలుపు గడియ పెట్టుకుని, పంపు గుర్రుమంటుంటే, సొంత ఫోనులో యాప్ తెరుస్తుంది. ఏదో ఒక ఊరికి, ఏదో ఒక బస్సు. చివరి వరుసలో కిటికీ సీటు నొక్కుతుంది. సీటు బూడిద రంగవుతుంది. డబ్బు కట్టదు, ఊరికే చూస్తూ కూర్చుంటుంది. పది నిమిషాలకి సీటు ఆకుపచ్చబడుతుంది. తాను రాసిందే, ఇంకా సరిగ్గా పనిచేస్తోంది. అమ్మేసిన ఇంటి ముందునుంచి నడుచుకుంటూ వెళ్ళి, దీపం వెలుగుతోందా అని చూసినట్టు ఉంటుంది ఆమెకు. తర్వాత సీసా మూత బిగించి, కళ్ళు తుడుచుకునే పనుంటే తుడుచుకుని, కేకుల దగ్గరికి వస్తుంది.

ఆ రోజు అలా బయటికొచ్చేసరికి పొడుగాయన అందరి బల్లల దగ్గరా తిరుగుతున్నాడు. మనిషి తాటిచెట్టంత, గొంతు మాత్రం కీచు.

“మా నాన్నకి శనివారం కంటి ఆపరేషన్. ఫోను వంతు రేపటినుంచి నాది, రేపు సాయంత్రమే ఊరికి బయల్దేరాలి. రెండ్రోజులు ఫోను ఎవరైనా ఉంచుకోండి, మీ పిల్లాపాపలు చల్లగా ఉంటారు.”

ఒక్కొక్క తలా తెర వెనక్కి దిగిపోయింది. ఒకడికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. ఇంకొకడు లేచి నీళ్ళకి వెళ్ళాడు, సీసా బల్లమీదే ఉంది.

“నాకివ్వు,” అంది తువ్వాలక్క.

“నీకా అక్కా? కోరి కొరివితో తల గోక్కుంటానంటావేంటి!”

“నా తల, నా కొరివి. నీకేంటి?”

“అది కాదక్కా. మేడమ్ నన్ను తిడతారు.”

ఆమెకు అది ఎందుకు కావాలో పొడుగాయనకు తెలియందేమీ కాదు. అక్కడ ఒక పద్ధతుంది. సోమవారం ఉదయం అందరూ నిలబడి మాట్లాడుకునే మీటింగులో మొదటి మాట ఫోను మోసినవాళ్ళది. ఏం తెగింది, ఎందుకు తెగింది, ఏం మార్చాలి. వాళ్ళు చెప్పిందే తర్వాతి వారాల పని అవుతుంది, అందులో మంచి పని చెప్పినవాళ్ళకే పడుతుంది. ఆ గదిలో పైకొచ్చినవాళ్ళంతా ఆ ఫోను చేత పట్టుకుని వచ్చినవాళ్ళే. ఫోను లేనివాళ్ళు వెనక వరుసలో నిలబడతారు. చివర్లో “ఆనందాల కమిటీ నుంచి ఏమైనా ఉందా?” అని అడుగుతారు. “రేపు సాయంత్రం కేకు,” అని చెప్తుంది తువ్వాలక్క. అందరూ చప్పట్లు కొడతారు.

ఆమె నేరుగా మేనేజరమ్మ గదికి వెళ్ళింది. మేనేజరమ్మ బల్లకింద చెప్పులు విప్పేసి, ఒక పాదంతో ఇంకో పాదాన్ని నొక్కుకుంటోంది. జుట్టు ముందుభాగం నెరిసింది, రంగు వెయ్యదు. ఆ కంపెనీలో ఇటుకలు మోసిన తరం ఆవిడది.

“రా అమ్మా, కూర్చో. పాపెలా ఉంది?”

ఎప్పుడూ మొదటి మాట అదే.

“బాగుంది మేడమ్. పొడుగాయన ఊరెళ్తున్నాడు. సోమవారందాకా ఫోను నేను ఉంచుకుంటాను.”

మేనేజరమ్మ పాదం ఆగింది. “నీకెందుకమ్మా ఆ పీడ? ఎవడో ఒకడి మెడకి కడతాన్లే.”

“పీడ కాదు మేడమ్. నాకు కావాలి.”

“పాలు తాగే పిల్ల ఉంది ఇంట్లో.”

“మా అత్తగారు కూడా ఉన్నారు ఇంట్లో.”

“బళ్ళకి సెలవులు ఇస్తున్నారు. జనం ఊళ్ళమీద పడతారు. ఆగకుండా మోగినా మోగచ్చు.”

“మోగనివ్వండి.”

ఆ మాట అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. మేనేజరమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. జ్వరమొచ్చిన పిల్ల ఐసు అడిగితే చూసినట్టు చూసింది.

“సరే, నీ ఇష్టం. రేపు సాయంత్రం ఫోను నా దగ్గర పెట్టమను, నేనిస్తాను. బ్యాటరీ నిలవట్లేదంటున్నారు, ఓసారి చూసి ఇస్తాను.”

తువ్వాలక్క ఆ రోజు మెట్లమీదనుంచి దిగింది, లిఫ్టు కోసం ఆగలేదు. కింద గోడమీద ఫోటోకి ఎన్నాళ్ళకో మొదటిసారి తిరిగి నవ్వింది.

*

శుక్రవారం ఫోను ఇంటికి వచ్చింది. వస్తూనే భోజనాల బల్లమీద, నీళ్ళకూజా పక్కన, ఛార్జరు తగిలించుకుని కూర్చుంది. తువ్వాలక్క దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచింది. శబ్దం పెంచింది. లాప్‌టాపు పక్కనే తెరిచి పెట్టింది. పాపకి ఉగ్గు కలుపుతూ ఒక కన్ను అటే వేసింది.

ఆమె అత్తగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేసింది. చెవికి తగిలించుకున్న గొట్టం తీసేసి ఎన్నేళ్ళైనా, మాటలు ఇంకా అలాగే పొడిగా, అటూ ఇటూ కలిపి వదిలేసినట్టు ఉంటాయి.

“పెళ్ళిచూపులవాళ్ళ కబురు కోసం కూడా నువ్వింత ఎదురుచూసుండవు అమ్మాయ్.”

“అప్పుడు మీరే వెంటపడి ఒప్పుకున్నారు కదా అత్తయ్యా, ఎదురుచూసే అవకాశమేదీ?”

“అదీ నిజమే.”

రాత్రి మోగలేదు. శనివారం పొద్దున మోగలేదు. ఆమె భర్త దుకాణం తెరవడానికి వెళ్తూ, “మోగకపోతే మంచిదే కదా, అన్నీ బాగున్నట్టేగా?” అన్నాడు. ఆమె ఔనంది. ఔననలేక అంది. అన్నీ బాగుండాలని ఆమె ఎప్పుడూ కోరుకునేదే, ఆ ఒక్క రోజు మాత్రం మనసు ఒప్పుకోలేదు. ఎక్కడో ఏదో కాస్త, ఎవరికీ నష్టం లేకుండా, ఒక్కసారి తెగితే ఏం పోయింది అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి, పాప లాగు మార్చడానికి లేచింది. స్నానానికి వెళ్ళినప్పుడు ఫోనును సబ్బుపెట్టె పక్కన పెట్టుకుంది. నీళ్ళు కట్టేసి రెండుసార్లు చెవి ఒగ్గి విన్నది. పక్కింటి కుక్కరు ఈలవేస్తే తడిచేత్తో ఫోను అందుకుంది.

మధ్యాహ్నం పాప నిద్రపోయాక ఊసుపోక తన అలవాటు ప్రకారం యాప్ తెరిచింది. చివరి వరుస, కిటికీ సీటు నొక్కుదామని చూస్తే ఆ బస్సులో నొక్కడానికి సీటే లేదు. అంతా బూడిదరంగు. సెలవులు కదా, నిండి ఉంటుందనుకుంది. తర్వాతి బస్సు చూసింది. బూడిద. ఆ తర్వాతిదీ బూడిదే. ఇంకోదాంట్లో ఒకే ఒక్క ఆకుపచ్చ సీటు దొరికింది. నొక్కి, కూర్చుంది. పది నిమిషాలైంది, పావుగంటైంది. సీటు ఆకుపచ్చబడలేదు.

ఆమెకు అర్థమైపోయింది. తువ్వాళ్ళు పడుతున్నాయి, తీసేవాడు లేడు. గడువు దాటిన తువ్వాళ్ళను ఏరివేయడానికి వెనకాల ఒక చిన్న పని ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. అది పడిపోయినట్టుంది. సీటు నొక్కి మనసు మార్చుకున్న ప్రతివాడి తువ్వాలూ అలాగే ఉండిపోయింది. తెరమీద బస్సులన్నీ నిండుగా ఉన్నాయి, రోడ్డుమీద సగం ఖాళీగా పోతూ ఉండాలి. టికెట్ లేదనుకుని జనం మూటలు పట్టుకుని వెనక్కి పోతూ ఉండాలి.

లాప్‌టాపు లాక్కుంది. లోపలికి వెళ్ళి చూద్దామంటే అనుమతి లేదంది. ఆమె తాళాలు కూడా సెలవులో ఉన్నప్పుడే తీసేశారు మరి. పొడుగాయనకు చేస్తే ఆసుపత్రిలో ఉన్నాడేమో, ఫోను కట్టేసి ఉంది.

డ్యూటీ ఫోను నీళ్ళకూజా పక్కన చల్లగా కూర్చుని ఉంది.

“ఇంత గొడవ జరుగుతుంటే దీనికి ఒక్క ఫోనూ రాదేంటి అత్తయ్యా? బస్టాండులో ఏజెంట్లు ఈపాటికి శాపనార్థాలు పెడుతూ ఉండాలి.”

అత్తగారు చదువుతున్న వారపత్రిక దించింది. “దాని నంబరుకి ఓసారి నువ్వే చేసి చూడు. లైను బతికుందో చచ్చిందో అడిగితే కదా తెలిసేది. ఇందా, నా ఫోను తీసుకో.”

తువ్వాలక్క అత్తగారి ఫోనులో ఆ నంబరు కొట్టింది. చెవిలో అవతల మోగుతున్న చప్పుడు వినపడింది. బల్లమీది ఫోను మాత్రం కదల్లేదు, మెదల్లేదు. దానివంక చూస్తూనే ఉంది. అవతల ఎవరో ఎత్తారు.

“డ్యూటీ. చెప్పండి,” అంది అలిసిపోయిన ఆడగొంతు. వెనకాల ఇంకో ఫోనేదో మోగుతోంది.

ఆ గొంతు ఎవరిదో తెలియడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు. నమ్మడానికే పట్టింది.

“మేడమ్, నేను.”

అటువైపు, వెనకాల మోగుతున్న ఫోను కట్టేసిన చప్పుడు. తర్వాత మాట వచ్చింది.

“పాప పడుకుందా?”

తువ్వాలక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతోనో, అవమానంతోనో, ఆ గొంతులో అలసట విన్నందుకో, అన్నీ కలిసే ఉంటాయి. బ్యాటరీ చూస్తానని తీసుకుని, దీనికొచ్చే ఫోన్లన్నీ ఆవిడ తన ఫోనుకి తిప్పేసుకుంది. తను నిన్నటినుంచి ఈ చచ్చిన ఫోనుని గుడ్డతో తుడిచి, స్నానాల గదిదాకా మోసుకు తిరిగింది. బొమ్మ ఫోనిచ్చి పిల్లని ఊరుకోబెట్టినట్టు ఊరుకోబెట్టారు తనని. కానీ ఇప్పుడు అది మాట్లాడే వేళ కాదు.

“మేడమ్, తువ్వాళ్ళు తియ్యడం లేదు.”

“తెలుసు. పొద్దుటినుంచీ ఫోన్లు. రెండుసార్లు మొత్తం ఆపి మళ్ళీ లేపాను. కాసేపు బాగుంటోంది, మళ్ళీ మొదటికొస్తోంది.”

“మొత్తం లేపకండి. ఏరివేసే పని ఒక్కదాన్నే చూడండి. అది అన్ని బస్సులవీ ఒక్కసారే మోయబోయి చతికిలబడుతోంది. పోగైన తువ్వాళ్ళు ఎక్కువైపోయాయి. ఒక్కో ఊరివి విడివిడిగా ఇవ్వండి దానికి. పెద్ద ఊళ్ళు ఆఖరికి.”

“ఆగు, తెరుస్తున్నా. ఎక్కడుంది అది?”

ఆమె చెప్పింది. ఏ గదిలో ఏ అరలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలదు, చెప్పింది. అటునుంచి మీటలు టకటకమనే చప్పుడు. ఇటు పాప నిద్రలేచింది. అత్తగారు వచ్చి ఏమీ అనకుండా పిల్లని భుజాన వేసుకుని బాల్కనీలోకి పోయింది. చిన్న ఊరితో మొదలుపెట్టారు. తువ్వాలక్క ఒక చేత్తో అత్తగారి ఫోను చెవికి పెట్టుకుని, రెండో చేతిలో తన ఫోనులో ఆ ఊరి బస్సు చూస్తూ కూర్చుంది. బూడిద సీట్ల మధ్య ఒకటి పచ్చబడింది. ఇంకొకటి. తర్వాత వరుసకి వరుస.

“వస్తున్నాయి మేడమ్! వస్తున్నాయి, తర్వాతది ఇవ్వండి.”

ఎండ బల్లమీదనుంచి నేలమీదికి జరిగేదాకా ఇద్దరూ అలా ఊరు తర్వాత ఊరు విడిపించుకుంటూ పోయారు. ఆమె భోజనం సంగతి మరిచిపోయింది, అవమానం సంగతీ మరిచిపోయింది. ఎన్నో నెలల తర్వాత ఒంట్లోకి మనిషి తిరిగొచ్చినట్టుంది. చివరి పెద్ద ఊరు కూడా పచ్చబడ్డాక మేనేజరమ్మ గట్టిగా నిట్టూర్చింది.

“హమ్మయ్య. ఇక నువ్వెళ్ళి పాపని చూసుకో అమ్మా. మిగతావి నేను చూసుకుంటా.”

“మేడమ్, ఫోను ఇటు తిప్పండి.”

“వద్దులే. రేపొక్కరోజేగా. నువ్వు పడుకో.”

లైను తెగింది. మళ్ళీ చేద్దామనుకుని, ఆ నంబరు చేసినా ఎక్కడ మోగుతుందో తెలిసి, మానుకుంది. ఆదివారమంతా ఫోను బల్లమీద అలాగే ఉంది. దాన్ని ఎవరూ తుడవలేదు.

*

సోమవారం మీటింగుకి అందరూ నిలబడ్డారు. పొడుగాయన తండ్రికి కట్టు విప్పారట, ఇంటికి తీసుకొచ్చేశాడట, తీరిగ్గా ఉన్నాడు. తువ్వాలక్క వెనక వరుసలోనే నిలబడింది. డ్యూటీ ఫోను చేతిసంచిలో ఉంది.

“ఈ వారం మొదటి మాట నేను చెప్తాను,” అంది మేనేజరమ్మ. కళ్ళకింద నల్లగా ఉంది. “శనివారం పెద్ద గండం గడిచింది. తువ్వాళ్ళు తియ్యడం ఆగిపోయి బస్సులన్నీ నిండిపోయినట్టు చూపించింది. ఫోను మోస్తున్నది ఎవరో తెలుసుగా? చంకలో పసిపిల్లని పెట్టుకుని, ఇంట్లో కూర్చుని, మొత్తం సరిచేసింది మన తువ్వాలక్క. చప్పట్లు కొట్టండి.”

గది మోగిపోయింది. అవి కేకు చప్పట్లు కావు, ఆ తేడా ఆమె చెవికి తెలుసు. జనం పక్కకి జరిగారు, ముందు వరుసకి దారి పడింది. “అక్కా, మాట్లాడు, మొదటి మాట నీదే!” అన్నాడు పొడుగాయన.

ఆమె నడిచి ముందుకొచ్చింది. ఇన్ని నెలలుగా పాలగదిలో కూర్చుని కోరుకున్నది ఇదే. ఈ చోటు, ఈ చూపులు, నోరు తెరిస్తే వినడానికి సిద్ధంగా ఉన్న ఈ ముఖాలు. అబద్ధం కూడా పూర్తిగా కాదు, సరిచేసింది తనే. తలూపితే చాలు, ఏం మార్చాలో చెప్తే చాలు, తువ్వాలు మళ్ళీ తన చేతికి వస్తుంది. మేనేజరమ్మ ఆమెవంక చూసి కళ్ళతోనే ‘కానీ’ అంది. కష్టం తాను పడి పేరు ఈమెకు ఇస్తోంది. అంతకంటే మంచి మనిషి ఉండదు. రేపూ ఇలాగే ఇస్తుంది, ఎల్లుండీ ఇస్తుంది. మోగని ఫోన్లు, మోయని బరువులు, చప్పట్లు. కింద ఇంకో ఫోటో పెడతారు.

తువ్వాలక్క సంచిలోంచి ఫోను తీసి బల్లమీద పెట్టింది.

“ఇది మోగలేదు,” అంది. “రెండ్రోజులూ ఒక్కసారి కూడా మోగలేదు. ఫోన్లన్నీ మేడమే తీసుకున్నారు, ఆ చప్పట్లు ఆవిడకి కొట్టాలి. తువ్వాళ్ళ సంగతి ఫోనులో ఆవిడకి చెప్పింది నేనే, అది నిజం. కానీ ఫోను మోసింది నేను కాదు. నాకు రాలేదు.” ఆగింది. అక్కడితో ఊరుకోవాల్సిందేమో. “రానివ్వలేదు.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నీళ్ళసీసా అతను ఈసారి కదల్లేదు. మేనేజరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. “సరే, తర్వాతి వాళ్ళు చెప్పండి,” అంది ఎవరివైపూ చూడకుండా.

ఆ తర్వాత తువ్వాలక్క పాలగదికి వెళ్ళింది కానీ పంపు తియ్యలేదు. కొవ్వొత్తుల డబ్బాల మధ్య ఊరికే కూర్చుంది. అన్నం పెట్టిన చేతినే నలుగురిలో కరిచినట్టుంది ఆమెకు. తలుపు చప్పుడైంది.

“నేనమ్మా. రావచ్చా?”

మేనేజరమ్మ లోపలికొచ్చి, కాగితపు కప్పుల పెట్టెమీద కూర్చుంది. పెట్టె కొంచెం లోపలికి కుంగింది. చెప్పులు విప్పింది.

“నలుగురిలో అనకపోతే బాగుండేది.”

“ఔను మేడమ్. తప్పయింది.”

“తప్పు కాదులే.” కాసేపు బుడగల పొట్లాన్ని అటూ ఇటూ తిప్పింది. “మా వాడికి అప్పుడు నీ పాపంత వయసు కూడా లేదు. జ్వరం పేలిపోతోంది. ఈ ఫోనే, ఈ మూల పగలగొట్టింది నేనే. వాడిని ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డ వేస్తుంటే మోగింది. వాడిని పక్కన పడుకోబెట్టి, వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నా. వాడు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాడు. ఊరుకున్నాడన్న సంగతి కూడా నాకు చాలాసేపు తెలియలేదు. ఏమీ కాలేదనుకో, ఇప్పుడు నాకంటే ఎత్తున్నాడు. కానీ ఆ ఊరుకోవడం ఉంది చూశావా, అది నన్ను ఇంకా వదల్లేదు. ఎవరైనా వచ్చి నా చేతిలోంచి ఈ ఫోను లాగేసుకుంటే బాగుండును అనుకున్నానమ్మా ఆ రోజు. ఎవరూ లాక్కోలేదు. అందుకే నీ చేతిలోంచి నేను లాక్కున్నాను.”

తువ్వాలక్క ఆవిడ పాదాలవంక చూసింది. వేళ్ళు వాచి ఉన్నాయి, రెండ్రోజులు కూర్చున్నచోటనుంచి లేవని పాదాలు అవి. కోపం ఎటుపోయిందో తెలియదు.

“లాక్కుంటే బాగుండును అనుకున్నారా మేడమ్, అడిగితే బాగుండును అనుకున్నారా?”

మేనేజరమ్మ బుడగల పొట్లం డబ్బామీద పెట్టింది.

“అడిగితే,” అంది. “ఉంచుకుంటావా, ఇచ్చేస్తావా అని ఒక్కడైనా అడిగితే. ఎవరూ అడగలేదు.”

“నన్ను కూడా ఎవరూ అడగలేదు మేడమ్.”

మేనేజరమ్మ చెయ్యి చాచింది. తువ్వాలక్క డ్యూటీ ఫోను ఇచ్చింది. ఆవిడ కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి, ఫోనును ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఏవేవో నొక్కి, మళ్ళీ ఇచ్చేసింది.

“తిప్పింది తీసేశాను. సరిగ్గా తీశానో లేదో.”

తన ఫోను తీసి నంబరు కొట్టింది.

తువ్వాలక్క చేతిలో ఫోను మోగింది. ఆ చిన్నగదిలో చెవులు పగిలేలా, శుక్రవారం ఆమె పెంచిపెట్టిన శబ్దంతో మోగింది. బయట ఎవరిదో కుర్చీ కిర్రుమంది, ఎవరో “అమ్మో, ఎవరి దగ్గరుంది?” అన్నారు. ఆమె వెంటనే ఎత్తలేదు. పగిలిన మూల అరచేతికి గుచ్చుకుంటుంటే, ఫోను చేతిలో అదురుతుంటే, కాసేపు అలా మోగనిచ్చింది. తర్వాత చెవికి పెట్టుకుంది.

“డ్యూటీ. చెప్పండి.”

మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర్లో కూర్చుని, మేనేజరమ్మ కూడా ఫోను చెవికి పెట్టుకునే మాట్లాడింది. ముఖం చూసి అడగలేనిది అలా అడిగింది.

“వచ్చే వారం ఫోను మోస్తావా అమ్మా? నీ వంతు వేయమంటావా, వద్దంటావా?”

“వెయ్యండి మేడమ్. పాపకి ఒంట్లో బాగోకపోతే నేనే చెప్తాను, తీసుకోమని.”

“సరే.”

“మరి శుక్రవారం కేకు ఎవరు తెస్తారు?”

అటునుంచి ముక్కుతో నవ్వు వినపడింది, ఫోనులో ఒకసారి, గదిలో ఒకసారి.

“పొడుగాయన తెస్తాడు. చెప్పేస్తాను.”

“అడగండి మేడమ్,” అంది తువ్వాలక్క.